ఎర్ర గీత కింద అవ్వ

నా పేరు ఇక్కడ చెప్పను. అది పెంటకుప్పకు సంబంధించిన పేరని మాత్రం చెప్తాను. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీవాళ్లు ముక్కులు మూసుకునేవాళ్లు. ఆ పేరు పెట్టిన మా నాయనమ్మకు మాత్రం అదంటే మహా గర్వం.

నాకు ముందు మా అమ్మకు ముగ్గురు పిల్లలు పుట్టి, పురుడు కూడా వెళ్లకముందే పోయారు. నాలుగోసారి నేను పుట్టేసరికి నాయనమ్మ ఇక యముడితో తేల్చుకోవాలనుకుంది. పిల్లలు దక్కని ఇంట్లో మా వైపు ఒక పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేస్తారు. వేరే కులపు మనిషి ఎవరైనా ఎత్తుకుంటారు. అప్పుడు సొంతవాళ్లే వెళ్లి ఇంత తవుడు పోసి ఆ బిడ్డను కొనుక్కుంటారు. బిడ్డ ఎవరిదో తెలియక యముడు తికమకపడి వెళ్లిపోతాడట. అంత పెద్ద నౌకరీలో ఉన్నవాడు ఇంత చిన్న మోసానికి పడిపోతాడని మావాళ్ల నమ్మకం.

నన్ను ఎత్తుకున్నది మా వీధి ఊడ్చే మునిసిపాలిటీ సఫాయి మనిషి. నాయనమ్మ ఆమెకు గట్టిగా చెప్పింది: "ఎవ్వరడిగినా నా బిడ్డనే అని చెప్పాలె. దేవుడడిగినా గంతే."

వారం తిరక్కుండానే అడిగారు. అడిగింది జనన మరణాల గుమాస్తా. అప్పట్లో వీధిలో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా సఫాయివాళ్లే ఆఫీసులో చెప్పేవాళ్లు.

"ఆడపిల్ల పుట్టింది సార్," అందామె.

"ఎవరికి?"

"నాకే."

ఆయన రాసుకున్నాడు. యముడు నమ్మాడో లేదో నాకు తెలియదు గాని మునిసిపాలిటీ నమ్మింది.

ఈ సంగతి పద్దెనిమిదేళ్లు ఎవరికీ తెలియదు. ఎనభైల చివర నాకు వనపర్తిలో టీచర్ ట్రైనింగ్ సీటు వచ్చింది. మాది గద్వాల. చీరలు నేసే ఇల్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టకుండా బతకడానికి నాకు దొరికిన ఒకే ఒక్క దారి ఆ సీటు. కాని నా పదో తరగతి సర్టిఫికెట్ ఇంటికి వచ్చిన రోజు అమ్మ దాన్ని దేవుడి ముందు పెట్టి నాలుగు మూలలా పసుపు కుంకుమ అద్దింది. చాలదన్నట్టు నడిమిట్ల ఇంకో బొట్టు పెట్టింది. అది సరిగ్గా పుట్టిన తేదీ మీద కూర్చుంది. తేదీ కనబడడం లేదని, మునిసిపాలిటీ నుంచి పుట్టుక నకలు తెమ్మని ట్రైనింగు కాలేజీవాళ్లు నన్ను తిప్పి పంపారు. సోమవారం లోపల తేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది.

మునిసిపాలిటీలో గుమాస్తా పాత పుస్తకం తీసి, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పాడు.

"మీ నాయన పేరు మీద ఆడపిల్ల లేదమ్మా."

"నేనున్న కద సార్."

"నువ్వున్నవ్. పుస్తకంల లేవ్."

మళ్లీ చూశాడు. ఆ రోజు మా వీధిలో పుట్టిన ఆడపిల్ల ఒక్కతే ఉంది. తల్లి పేరు దగ్గర మా వీధి ఊడ్చే ఆమె పేరు, తండ్రి పేరు దగ్గర ఆమె మొగుడి పేరు. నేను అక్కడే పకపకా నవ్వాను. గుమాస్తా నవ్వలేదు. "రాయించినామె వచ్చి, గీ బిడ్డ నాది కాదని కాగితం మీద వేలిముద్ర వెయ్యాలె. గప్పుడు దిద్దుత," అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడింది. నాన్న మగ్గం మీంచి తల కూడా ఎత్తలేదు. "మన చీరకు బట్ట నూలు, అంచు పట్టు. దీనికి అమ్మలు ఇద్దరైతే ఏమైతది?" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా పుట్టినరోజు వచ్చిందంటే నాయనమ్మ బతికున్నన్నాళ్లూ ఆ వీధి ఊడ్చే ఆమెకు తవుడు పోసేది. చేతులు తగలకుండా గడప లోపల నిలబడి పైనుంచి పోసేది. నన్ను పెంట మీంచి ఎత్తడానికి పనికొచ్చిన చేతులు మా గడప దాటడానికి పనికిరాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఆమెను "అవ్వా" అని పిలవడం మాత్రం నాయనమ్మే నేర్పింది. పొద్దున్నే దుమ్ము లేపుతూ ఆమె, "బిడ్డా, తిన్నవా?" అని వీధిలోంచి కేకేసేది.

ఆ సాయంత్రం అమ్మ, నేను మొదటిసారి ఆమె ఇంటికి వెళ్లాం. అమ్మ మొదటిసారి ఆమెను "అక్కా" అని పిలిచింది. విషయం విని ఆమె అడ్డంగా తల ఊపింది.

"కాదని నేనెట్ల చెప్త? మీ అత్తకు మాటిచ్చిన. ఇయ్యాల నా నోటితోని కాదన్నంక దానికేమన్న అయితే?"

అమ్మ నా వైపు చూసింది. ముగ్గురిని పోగొట్టుకున్న మనిషి చూపు అది. "వద్దులేవే, గీ ట్రైనింగు," అంది. నాకు ఒళ్లు మండింది. ఉన్న అమ్మలిద్దరూ ఒక్కటైతే నేనెవరితో చెప్పుకోవాలి?

"అవ్వా, నాకు పద్దెనిమిదేండ్లొచ్చినయ్. యముడు గిన్నొద్దులు ఏడ గూసున్నడు? నా పేరు ఇంటేనే ఆయన ముక్కు మూస్కొని పోతడు."

ఆమె నవ్వలేదు. "నగుతవ్ బిడ్డా. గా పొద్దు ఎత్తుకున్నది నేను. నువ్వు ఏడ్వనన్న ఏడ్వలే. సచ్చినవనుకున్న. నా కొంగుల సుట్టి, ఈపు రుద్దితే గప్పుడు ఏడ్సినవ్."

ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. అమ్మకూ తెలిసినట్టు లేదు. చివరికి ఆమే జాలిపడి, "ఆఫీసుకైతే వస్త. కాదని మాత్రం అనను," అంది.

శనివారం ముగ్గురం వెళ్లాం. గుమాస్తా కాగితం రాసి చదివాడు. "ఈ బిడ్డ నాది కాదు" అన్న దగ్గర ఆమె బొటనవేలు కొంగులో దాచుకుంది.

"ఏమమ్మా, అయితే నీదేనా?"

"నాదే."

"కన్నది నువ్వేనా?"

"గీమె కన్నది. పెంట మీద నుంచి ఎత్తుకున్నది నేను."

"మరి నీది కానట్టే కద!"

"కానట్టు ఎట్లయితది సార్? ఎత్తుకున్న అంటున్న కద."

గుమాస్తా పరేషాన్ అయిపోయాడు. కలం చెవికి పెట్టుకుని, మళ్లీ తీసి, నన్నూ అమ్మనూ ఆమెనూ వరసగా చూశాడు. నేను గడియారం చూస్తున్నాను. చివరికి ఆయనే కాగితం చింపి కొత్తది తీశాడు. "కన్నది గీమె, ఎత్తుకున్నది నేను. గట్ల రాస్తే వేస్తవా?"

"రాయి. గది నిజమే."

వేలిముద్ర పడింది. ఆయన పుస్తకం తెరిచి ఎర్ర సిరాతో గీత కొట్టి, పైన మా అమ్మానాన్నల పేర్లు రాశాడు. ఆమె మెడ సాచి చూసింది. చదువు రాదు.

"నా పేరు తుడ్సినవా సార్?"

"తుడ్వం. రికార్డు చెరిపితే నా నౌకరి పోతది. గీత కింద నీ పేరు గట్లనే ఉంటది."

"ఎవలన్న వచ్చి సూస్తే కనవడ్తదా?"

"యముడొచ్చి సూసినా కనవడ్తది, నడువ్."

అప్పుడు ఆమె నవ్వింది. ఆ కచేరిలో ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే.

సోమవారం నేను ట్రైనింగులో చేరాను. అమ్మ ఆమెను గడప లోపలికి రమ్మని పిలవడం మొదలుపెట్టింది. ఆమె రెండేళ్ల దాకా రాలేదు. వచ్చిన రోజున కూడా వంటింటి దాకా రాకుండా మగ్గం దగ్గరే కూర్చుని చాయ్ తాగి వెళ్లింది. అంతకంటే ఎక్కువ మర్యాద మేం సంపాదించుకోలేదు.

తొంభైల్లో నేను తెలకపల్లిలో పంతులమ్మగా ఉన్నప్పుడు, ఒక ఎండాకాలం సెలవులకు గద్వాల వచ్చి ఉండగా అవ్వ పోయింది. కొడుకులిద్దరూ బొంబాయిలో మట్టి పనికి పోయి ఉన్నారు. కబురు అంది వాళ్లు వచ్చేసరికి మూడో రోజయింది. ఈలోగా చావు రాయించడానికి మునిసిపాలిటీకి నేనే వెళ్లాను. అదే గుమాస్తా. కళ్లద్దాలు కొత్తగా వచ్చాయి. పేరు, వయసు, వీధి రాసుకుని, తల ఎత్తకుండానే అడిగాడు.

"చెప్పేటోళ్లు ఏమైతరు?"

"బిడ్డను."

ఆయన కలం ఆగింది. అద్దాల పైనుంచి నన్ను చూసి గుర్తుపట్టాడు.

"నువ్వే కదమ్మా అప్పుడొచ్చి దిద్దిచ్చుకున్నది?"

"దిద్దిచ్చుకున్న సార్. చెరిపియ్యలే. పాత పుస్తకం తియ్యుండ్రి, ఎర్ర గీత కింద సూడుండ్రి."

ఆయన పుస్తకం తియ్యలేదు. కలం మళ్లీ కాగితానికి ఆనించి, "బిడ్డ" అని రాశాడు.