రేవుగట్టు కాలిబాటలు

ఇంజనీర్లు పెన్సిలుతో వేసిన నక్షాను ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకుతో ఎక్కించడం ప్రమీలారాణి ఉద్యోగం. వైరా దగ్గరి రైతుబిడ్డ. ఖమ్మంలో ఐటీఐ చదివి, 1979లో ట్రేసరుగా భద్రాచలంలోని సర్కారు ఇంజనీర్ల ఆఫీసుకు వచ్చింది. గీత వంకర పోతే బ్లేడుతో ఇంకు గీకి, గోటితో నునుపు చేసి, మళ్లీ గీసేది. ఎనిమిదేళ్లలో బడి గదులు, కల్వర్టులు, నీళ్ల ట్యాంకులు ఎన్నో ఆమె చేతిమీదుగా పోయాయి. ఏ ఒక్కదాని గురించీ ఎవరూ ఆమెను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

ఎనభై ఆరు వరదకు గోదావరి ఒడ్డున ఉన్న పాకలూ రేకుల కొట్లూ కొట్టుకుపోయాయి. మరుసటి ఏడు ఆ జాగాలో ఎత్తయిన పునాది మీద పెద్ద కట్టడం కట్టాలనుకున్నారు. కింద దుకాణాలు, పైన యాత్రికులకు గదులు, వెనక బస్సులు ఆగే చోటు. కట్టడానికీ రేవుకూ మధ్య మిగిలిన ఖాళీలో పార్కు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన వెంకటరామారావు అనే ఇంజనీరు నక్షా వేశాడు. పార్కు చుట్టూ ఇనుప కంచె, ఒక గేటు, లోపల పచ్చిక, నడుమ ఫౌంటెన్.

కంచె గీస్తుంటే ప్రమీలారాణి చెయ్యి ఆగింది. సంతనాడు పడవలు దిగిన ఆడవాళ్లు మోపులతో నడిచివచ్చే బాటకు ఆ గీత సరిగ్గా అడ్డం పడింది. ఆ పూటకి గీసేసింది గాని, మనసులోంచి పోలేదు.

ఆ తర్వాత వచ్చిన సంత రోజు పొద్దున్నే రేవుకు పోయింది. ఎగువ ఊరి నుంచి విస్తళ్లు కుట్టే అడ్డాకులు తెచ్చి అమ్మే సోమమ్మ అనే కోయ మనిషి ఆమెకు ముఖపరిచయం.

"ఇక్కడ పార్కు కడతరంట. గేటు ఏ పక్కనుంటే నీకు మంచిగుంటది?" అని అడిగింది.

"గేటేంది బిడ్డా?" అంది సోమమ్మ. "తల మీద మోపుంటే మెడ తిప్పరాదు. గేటు యాడుందో ఎతుక్కుంట పోతమా? పడవ దిగినంక కాళ్లు ఎటు పోతే అటే."

"మరి మోపు యాడ దించుతవ్?"

"గదే కష్టం. నేల మీద దించితే మళ్ల ఎత్తనీకి ఇంకో మనిషి గావాలె. రొమ్మెత్తు గోడుంటే ఒక్కదాన్నే దించుకుంట, ఒక్కదాన్నే ఎత్తుకుంట."

ప్రమీలారాణి ఆ మాట కాగితం మీద రాసుకుంది. నాలుగు సంతలు వరసగా వెళ్లింది. ఎవరు ఎటు నడుస్తున్నారు, ఏ వేళకు నీడ ఎక్కడ పడుతోంది, అలిసినవాళ్లు ఎక్కడ కూలబడుతున్నారు, అన్నీ చుక్కలుగా, గీతలుగా పెట్టింది. స్నానం చేసి వచ్చిన యాత్రికుల ఆడవాళ్లు ఒకరికొకరు చీర అడ్డం పట్టుకుని బట్టలు మార్చుకునే చోటు కూడా గుర్తు పెట్టింది.

ఆ కాగితం చూసి వెంకటరామారావు నవ్వలేదు, తిట్టనూ లేదు. "నువ్వు ట్రేసర్‌వమ్మా. నక్షాను పైవాళ్లు ఒప్పుకుని పంపేశారు. ఇప్పుడు ఇవన్నీ ఎందుకు?" అని పక్కన పెట్టాడు.

"ఒక్క సంతనాడు వచ్చి చూడండి సార్," అంది ఆమె.

"చూద్దాంలే," అన్నాడు. వెళ్లలేదు.

పని మొదలయ్యే ముందు నేల మీద ముగ్గు పోయించారు. కట్టడం ఎక్కడ, కంచె ఎక్కడ అన్నది సున్నంతో గీయించి, మర్నాడు సరిచూడటానికి వెంకటరామారావు వచ్చాడు. ఆ రోజు సంత. అతను వచ్చేసరికే కంచె గీత అయిదు చోట్ల చెరిగిపోయి ఉంది. కూలీల చేత మళ్లీ పోయించాడు. గంట తిరక్కుండానే అవే అయిదు చోట్ల మళ్లీ చెరిగింది. మోపులు మోస్తున్నవాళ్లకు కాళ్లకింద గీత ఉన్నట్టే తెలియదు. అతను ఎండలో చాలాసేపు నిలబడి చూశాడు.

ఆఫీసుకు వచ్చి, "ప్రమీలా, ఆ కాగితం ఏదీ?" అన్నాడు.

ఆమె చూపించిన బాటలూ అయిదే.

తర్వాత రెండు వారాలు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. కంచె తీసేశారు. రేవు వైపు పొడుగునా వెడల్పు మెట్లు, పక్కన ముసలివాళ్ల కోసం వాలుదారి, దుకాణాల ముందు అరుగు, బాటలు కలిసే చోట మోపులు దించుకునే గోడ, నీడకు కానుగ చెట్లు వచ్చాయి. ఈ మార్పులకు పైవాళ్లు ఒప్పుకున్నారు, ఫౌంటెన్ మాత్రం వాళ్లకు ఇష్టమని ఉండిపోయింది. ఆమె అడిగిన, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదికి జాగా చాలదన్నాడు వెంకటరామారావు. ఫౌంటెన్ తీస్తే చాలుతుందని ఆమె రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు. నక్షా మూలన 'ట్రేసింగ్' అన్న చోట ఆమె పొట్టి సంతకం, 'డిజైన్' అన్న చోట ఆయనది.

1990లో ఆమెకు ఖమ్మం బదిలీ అయింది. మూడేళ్ల తర్వాత ఆఫీసు పని మీద భద్రాచలం వచ్చినప్పుడు రేవుకు పోయి చూసుకుంది. కానుగలు నీడనిస్తున్నాయి. గోడ మీద మోపులు ఆనించి ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఫౌంటెన్ తొట్టిలో నీళ్లు లేవు, ఎవరో మిరపకాయలు ఆరబోశారు. అరుగు సగం మేర దుకాణాల డబ్బాలతో నిండిపోయింది. మిగిలిన చోట కూర్చోబోతే ఒక దుకాణదారు, "జర పక్కకు జరుగమ్మా, బేరమొచ్చే జాగ," అన్నాడు.

"ఇది కూసోనీకే కట్టిన్రు," అంది ఆమె.

"నీకెవరు చెప్పిన్రు?"

ఆమె అక్కడే కూర్చుంది. కాసేపు చూసి అతనే ఒక డబ్బా లోపలికి జరుపుకున్నాడు.

అక్కడి నుంచే కనిపించింది: మెట్ల మీద ఒక తల్లి చీర అడ్డం పట్టుకుని ఉంది, వెనక కూతురు బట్టలు మార్చుకుంటోంది. గాలికి చీర ఒకవైపు ఎగిరిపోతోంది. ప్రమీలారాణి వెళ్లి రెండో కొస పట్టుకుంది.

ఖమ్మం తిరిగి వెళ్లాక, ఆడవాళ్లకు గది కావాలని పై ఆఫీసుకు తన పేరుతో దరఖాస్తు రాసింది, నక్షా కూడా గీసి జతపరిచింది. మరుసటి వేసవికి గది కట్టారు. అయితే తలుపు బజారు వైపు పెట్టారని, లోపలికి పోవడానికి ఆడవాళ్లు జంకుతున్నారని తెలిసింది. బజారుకు కనిపించకుండా తలుపు ఎదుట ఒక అడ్డుగోడ కట్టమని రెండో దరఖాస్తు రాసింది. దానికి జవాబు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. గోడ కట్టారు.