ఆరిన మంటకు వీపు తిప్పని అక్క

నార్కట్‌పల్లి దగ్గరి పెట్రోలు డిపోలో మా ఫైర్ ఆఫీసరమ్మను అందరం అక్కా అనే పిలిచేవాళ్లం. ఆరిన మంటకు ఆమె ఎన్నడూ వీపు తిప్పేది కాదు.

ఒక మధ్యాహ్నం ట్యాంకర్ కింద కారిన పెట్రోలు అంటుకుంది. అక్క మంటలార్పే రెండు గొట్టాల చక్రాల బండిని లాక్కొచ్చి, ఒక గొట్టంతో పొడి కొట్టింది. మంట ఆరిపోయింది. క్యాబిన్‌లో ఉన్న తన ఫోన్ కోసం డ్రైవర్ ట్యాంకర్ వైపు ఉరికాడు.

"ఆగు తమ్మీ! మంట పోయింది గని పెట్రోలు గట్లనే ఉంది. మల్ల అంటుకుంటది!"

అరుస్తూనే రెండో గొట్టంతో నేలంతా నురుగు పరిచింది. ఇంకా నురుగందని చోట, డ్రైవర్ కాళ్ల ముందే, మంట మళ్లీ లేచింది. అక్క దాన్నీ నురుగుతో కప్పేసింది.

డ్రైవర్ వెనక్కొచ్చాడు. అక్క తన ఫోన్ అతని చేతిలో పెట్టి, "గేటు బయటికి పోయి ఇంటికి ఫోన్ చెయ్యి" అంది.

"ఏం చెప్పాలక్కా?"

"ఏం చెప్పకు. తిన్నరా అని అడుగు."