చొక్కా తొడిగిన సిలువ

మధ్యయుగపు ఐరోపాలో దారి పక్కన రాతి సిలువలు నిలబెట్టేవారు, దారిన పోయేవాడు ఆగి, అక్కడ చనిపోయినవాడి కోసం ఒక ప్రార్థన చేసి వెళ్లాలని. మెల్‌బోర్న్‌లో చదువుకునేటప్పుడు నాకు ఇదొక పాఠం. ఇక్కడి రోడ్ల పక్కన అలాంటి సిలువ ఒకటి వెతికి, దాన్ని చూసుకునే మనిషితో మాట్లాడి అసైన్‌మెంట్ రాయాలి. రాయకపోతే సబ్జెక్టు తప్పినట్టే.

ఊరి శివార్లలో టార్నీట్ అనే చోట ఉండేవాళ్లం. నా రూమ్మేట్‌కి కారుంది. మాది ఒకే ఊరు. వాళ్ల తాత మా ఇంట్లో పాలేరు. మా పొలాలూ మేడా నేను పుట్టకముందే పోయాయి. అయినా ఊళ్లో మమ్మల్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఇక్కడ అతను "ఒరేయ్, సీట్‌బెల్ట్ పెట్టుకోరా" అనేవాడు. నేను కిటికీ వైపు తిరిగి పెట్టుకునేవాణ్ణి.

హైవే పక్కన, ఎండిన గడ్డి మధ్య ఒక తెల్ల చెక్క సిలువ కనబడింది. దానికి ఫుటీ అనే ఇక్కడి ఫుట్‌బాల్ ఆట చొక్కా తొడిగి, పైన టోపీ పెట్టారు. ఒక తెల్లావిడ మోకాళ్ల మీద కూర్చుని పూలు మారుస్తోంది. అక్కడ చనిపోయింది తన కొడుకేనని చెప్పింది. నా రూమ్మేట్ చర్చికి వెళ్లినట్టు చెప్పులు విడిచి, తల వంచి ప్రార్థన చేశాడు. అది చూసి ఆవిడ కళ్లు తుడుచుకుని, ఏం కావాలన్నా అడగమంది.

నేను తెలుగులో, "అచ్చం చేలో దిష్టిబొమ్మే. బాగానే పనిచేస్తోంది, ఒక్క కాకీ వాల్లేదు," అని నవ్వాను.

ఏమన్నాడని ఆవిడ అతన్ని అడిగింది. ఏదో చెప్పి దాటేస్తాడనుకున్నాను. ఒక్క మాటా వదలకుండా ఇంగ్లీషులో చెప్పేశాడు.

ఆవిడ లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకుంది. వెళ్లిపొమ్మంది. గొంతు కూడా పెంచలేదు.

"బుద్ధుందా నీకు? నా అసైన్‌మెంట్ పోయింది," అన్నాను కార్లో.

"పోనీ. మా తాత ఒక్కపూట పనికి రాలేదని మీ తాత ఏం చేశాడో తెల్సా? నెత్తిన కుండ బోర్లించి, చేతులు చాపించి, పొద్దుగూకేదాకా చేలో నిలబెట్టాడు. మా నాన్నని బళ్లో దిష్టిబొమ్మ కొడుకా అని పిలిచేవోళ్లు."

ఆ సంగతి నాకు తెలుసు. మా ఇంట్లో భోజనాల దగ్గర చెప్పుకుని నవ్వేవారు.

"పనికి రావాల్సింది," అన్నాను.

కారు ఆపాడు.

"దిగండి దొరగారూ."

దిగాను. ఆ ఎండలో స్టేషన్‌ దాకా నడిచాను. అసైన్‌మెంట్ రాయలేదు, సబ్జెక్టు తప్పాను. ఒక్కసారి "తప్పైంది" అని అంటే అతనే నన్ను మళ్లీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్లేవాడు. అది నాకు తెలుసు. అనలేదు.