కదలకుంటే కనబడదు

మా వైపు ఎలుగుబంటి అని ఎవరూ అనరు. గుడ్డెలుగు అంటారు. రేగొండలో అడిగినా, అడవి అంచున ఉన్న మా ఊళ్లో అడిగినా అదే మాట. పేరులోనే గుడ్డితనం ఉంది కాబట్టి దానికి కళ్లు కనబడవని పుట్టినప్పటి నుంచీ నమ్ముతాం. అది సగమే నిజం. ఆ సగం నిజం చెప్పి మా బావను దాని ముందు నిలబెట్టినవాణ్ని నేను. నా నోటి దూల గురించి నేను కాకపోతే ఇంకెవరు రాస్తారు?

బావ అంటే మా అక్క మొగుడు. దేవరుప్పుల దగ్గరి మెట్ట ఊరివాడు. అక్కడ కుందేలు కనబడితేనే వారం రోజులు చెప్పుకుంటారు. మా ఊళ్లో ఒక మక్కచేను కౌలుకు పట్టి, అక్కను తీసుకొచ్చి మా ఇంటి పక్కనే కాపురం పెట్టాడు. బావాబావమరుదుల మధ్య ఎకసెక్కాలు ఎక్కడైనా ఉండేవే గానీ నావి బాగా ముదిరినవి. ఆయనకు నవ్వడం తప్ప తిరిగి అనడం చేతకాదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అడవి గురించి నేను నోటికొచ్చిందల్లా చెప్పేవాణ్ని, ఆయన అన్నం తినడం మానేసి వినేవాడు.

ఆ ఎండాకాలం అడవిపందులు ఆయన మక్కచేనును తొక్కి నాశనం చేశాయి. ఒక పందిని పొడుచుకొద్దాం పదమని ఎగదోసింది నేనే. వేట నేరమని మా ఊళ్లో తెలియనివాడు లేడు, మాననివాళ్లు మాత్రం చాలామంది. అక్క వద్దంది. ఆయనకు అడవి తెలియదంది. నేను నవ్వేసరికి చివరికి ఒక్క మాట అంది. "నీ మీదనే ఇడుస్తున్న తమ్మీ. ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తీస్కరా."

తెల్లవారుజామున బావ ముఖానికి పౌడర్ పూసుకుని వచ్చాడు. వేటకా పెండ్లికా అని అడిగి కడుపుబ్బ నవ్వాను. నేను పెదవి కింద తంబాకు పెట్టుకున్నాను. చెరో బరిసె పట్టుకుని వాగు వైపు నడిచాం. ఇప్పపువ్వు రాలే రోజులు. నేలంతా తియ్యటి మత్తు వాసన.

వాగు చేరకముందే కొత్తగా తవ్విన పుట్ట కనబడింది. మట్టి ఇంకా తడిగా ఉంది, గోళ్ల గీతలు చెయ్యి పట్టేంత లోతున ఉన్నాయి. గుడ్డెలుగు పని. అది పుట్టకు బొక్క చేసి, మట్టిని ఊది, చెదలను లోపలికి పీలుస్తుంది. ఆ చప్పుడు నీళ్లు అందని బోరు మోటారులా దూరానికి వినిపిస్తుంది. మనిషిని తినడానికి రాదు. బెదిరితే వస్తుంది. వస్తే మాత్రం ముఖం వదలదు. ఇదంతా చెప్తుంటే బావ ముఖం పాలిపోయింది, ఇంటికి పోదాం అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ భయం చూసి నాకు హుషారొచ్చింది.

"పేర్లనే ఉన్నది గద బావా, గుడ్డెలుగు. కదలకుండ నిలవడితె మొద్దనుకొని పోతది."

ఈ మాట నాది కాదు, మా బాపుది, అంటే మా నాన్నది. తునికాకుకూ తేనెకూ అడవంతా తిరిగిన మనిషి. కానీ బాపు చెప్పింది అంతే కాదు. "గుడ్డెలుగుకు ముక్కే కన్ను. నిలవడేముందు గాలి చూస్కో" అని రెండో ముక్క ఉంది. అది చెప్తే బావ అక్కణ్నుంచే వెనక్కి తిరిగేవాడు. నా సరదా పాడయ్యేది. అందుకే చెప్పలేదు. మరిచిపోయానని నాకు నేనే చెప్పుకున్నాను గానీ అది అబద్ధం.

వాగు ఒడ్డు ఎక్కగానే ముప్పై అడుగుల్లో అది ఉంది. తల్లి. వీపు మీద పిల్ల జూలు పట్టుకుని కూర్చుంది. తల్లి నేల మీద రాలిన ఇప్పపువ్వును ఏరుకు తింటోంది. నా మెడ వెనక చల్లగా తగిలింది. గాలి మా వెనక నుంచి దాని మీదికి పోతోంది. నాకు అర్థమైంది. అర్థమైనవాణ్ని నేను ఒక్కణ్నే. మెల్లగా వెనక్కి జరిగి, దొరికిన చెట్టు ఎక్కాను. నా బరిసె కూడా నాతోనే పైకి తెచ్చుకున్నాను. బావ తల తిప్పి నా కోసం చూశాడు. కదలకు అని అరచెయ్యి చూపించాను.

ఆయన కదల్లేదు.

గుడ్డెలుగు తల ఎత్తింది. ముక్కు అటూ ఇటూ తిప్పింది. వెనక కాళ్ల మీద నిలబడింది. బావ చేతిలో బరిసె ఉంది, ఎత్తలేదు. ఎత్తితే కదిలినట్టవుతుంది కదా. అది మీదికి ఉరికినప్పుడు కూడా ఆయన నిలబడే ఉన్నాడు. నేను అరిస్తే నా వైపు తిరిగేదేమో. ఎన్నడూ మూతపడని నా నోరు అప్పుడు మూతపడింది. ఒక బీడీ సగం కాలేంత సేపు కూడా పట్టలేదు. పిల్లను మళ్లీ వీపు మీదికి ఎక్కించుకుని అది వాగు దాటిపోయింది.

దిగొచ్చి చూశాను. నుదుటి తోలు చెంపల మీదికి జారి ఉంది. కళ్లు ఉండాల్సిన చోట నెత్తురు తప్ప ఏమీ కనబడలేదు. ముక్కు మాత్రం దక్కింది. పౌడర్ వాసన ఇంకా వస్తోంది.

"పోయిందా బామ్మర్దీ? నేను కదలలే" అన్నాడు.

అప్పుడు నేను చేసిన పని వినండి. ఆయన్ను ఎత్తుకోలేదు. ఫోన్ తియ్యలేదు. ముందు రెండు బరిసెలూ తీసుకెళ్లి ముళ్లపొదలో ఆకుల కింద దాచాను. వచ్చి ఆయన పక్కన కూర్చుని, ఇప్పపువ్వు ఏరడానికి వచ్చామని చెప్పాలని నేర్పాను. నోట్లో నెత్తురు ఉమ్ముకుంటూ ఆయన ఆ మాట మూడుసార్లు అప్పజెప్పాడు. మూడోసారి తడబడకుండా చెప్పాకే అంబులెన్సుకు ఫోన్ చేశాను. వరంగల్ దవాఖానలో డాక్టరు ఎంతసేపయిందని అడిగితే, దెబ్బ తగిలిన వెంటనే ఫోన్ చేశానన్నాను. గుడ్డి కన్నా మెల్ల నయం అంటారు. ముందే తెస్తే ఒక్క కన్నయినా మిగిలేదా అని నేను ఎవరినీ అడగలేదు. ఈనాటికీ అడగలేదు.

కట్లు విప్పి ఇంటికి తెచ్చాక ఒక పగటిపూట ఆయన నీళ్లబిందెను తన్నుకుని వాకిట్లో పడ్డాడు. నలుగురు మనుషులున్నారు. పాత అలవాటు. "మా గుడ్డెలుగు లేచింది" అన్నాను. నలుగురూ నవ్వారు. వారం తిరగకుండా ఊరికంతా ఆయన పేరు అదే అయింది. ఆ మాట విన్న రోజు అక్క పొయ్యి వెలిగించలేదు. మూటలు కట్టి, ఆయన్ను చేయి పట్టి బస్సు ఎక్కించేటప్పుడు, నీ మీదనే ఇడిసిన గదరా అని ఒక్కసారి అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

మొన్న జనగామ మీదుగా వాళ్ల ఊరికి పోయాను. గాలి సంగతి, బాపు మాటలో రెండో ముక్క సంగతి బావకు చెప్పేయాలని పోయాను. బస్సులో దారి పొడుగునా ఎట్లా మొదలుపెట్టాలో అనుకుంటూనే ఉన్నాను. అక్క కూలికి పోయింది. బావ ఒక్కడే అరుగు మీద కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాడు. నుదుటి మీది కుట్ల మచ్చలు నల్లగా మెరుస్తున్నాయి. ఆయనకు నేను వచ్చినట్టు తెలియదు, ఇట్లాగే వెనక్కి పోవచ్చు కదా అనిపించింది. సిగ్గులేని బుద్ధి. చెప్పులు చప్పుడు కాకుండా, ఊపిరి బిగబట్టి వాకిట్లో నిలబడ్డాను.

బావ చేతులు ఆగాయి. తల ఎత్తి, ముక్కు కొంచెం నా వైపు తిప్పాడు.

"కదలకుంటె కనబడననుకున్నవా బామ్మర్దీ? నీ తంబాకు వాసన ఈడిదాంక వస్తున్నది" అన్నాడు. మళ్లీ ఒక కాయ ఒలిచి గింజలు చేటలో వేశాడు. "ఆ పొద్దు గూడ గాలి నీ దిక్కు నుంచే కొట్టె."