అక్క కోసం బాపు తెచ్చిన రాళ్లు

మొన్న బసంత్‌నగర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్లో హెల్మెట్టు ఉంటే, ఏం పని చేస్తావమ్మా అని అడిగాను. గనిలో ఇంజనీరునని, రోజూ లోపలికి దిగుతానని చెప్పింది. నా కళ్లెందుకు తడిశాయో ఆ పిల్లకు తెలియదు గానీ, ఆ రోజుల్లో గనుల మీద బతికిన మీకు చెబితే అర్థమవుతుంది.

మా అక్క వృక్షశాస్త్రం చదివింది. గని కార్మికుల ఇళ్లలోంచి హైదరాబాదు వెళ్లి పరిశోధన దాకా చేరిన ఆడపిల్ల అప్పట్లో మా చుట్టుపక్కల తనొక్కతే. బొగ్గు పొరల మీది రాళ్లలో కోట్ల ఏళ్లనాటి ఆకుల అచ్చులుంటాయి, అక్క పరిశోధన వాటి మీదే. కానీ ఆడవాళ్లు గనిలోకి దిగకూడదని అప్పట్లో చట్టం. అందుకని ఆ రాళ్లను మా బాపు ఏరి, తలగుడ్డలో చుట్టి తెచ్చి, సెలవులకు వచ్చిన బిడ్డ ముందు పెట్టేవాడు. అక్షరం రాని మనిషి, ఈనెలు చూసి ఏ ఆకు ఏదో గుర్తుపట్టేవాడు.

డెబ్బయ్యో దశకం మొదట్లో నేనూ బాపూ ఒకే షిఫ్టు. ఒకరోజు, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని నాకు పడింది. నేను జ్వరంతో వణుకుతుంటే చూసి, "నువ్వు గీడ కూసో, నేను వోత" అని నా బదులు బాపు వెళ్లాడు. కాసేపటికే కప్పు కూలింది.

ఆయన టిఫిను డబ్బాతో పాటు తలగుడ్డలో కట్టిన రాయి ఒకటి ఇంటికి చేరింది. దాన్ని చూసి మా అవ్వ, కన్నతల్లే, "నీ రాళ్ల కోసం పోయే సచ్చిండు గదనే మీ బాపు" అని అక్క ముందు కూలబడింది. ఆ రాయి బాపు పని మొదలుకాక ముందే ఏరి పక్కన పెట్టుకున్నది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. చెప్పాలంటే ఆయన అక్కడికి ఎవరి బదులు వెళ్లాడో కూడా చెప్పాలి. అందుకే దాచేశాను.

అక్క చదువు మానలేదు గానీ ఆ రాళ్లను మళ్లీ ముట్టలేదు. పూల పుప్పొడి మీద పరిశోధన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి డాక్టరేటు సంపాదించింది, ఎందరికో గురువైంది. ఇంటికి మాత్రం రాలేదు. అవ్వ పోయినప్పుడు వచ్చి, దినాలయ్యాక నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, బాపు నా రాయి కోసమే పోయిండా? నిజం చెప్పు."

"నాకు యాదికి లేదక్కా" అన్నాను.

"సరే తియ్, నువ్వు ఫికర్ చెయ్యకు" అని నా తల నిమిరింది.

పోయిన ఏడాది అక్క కన్నుమూసింది. మేం పనిచేసిన గని మూసేశారు, మేమున్న వాడ తవ్వకాల్లో పోయింది, ఆ షిఫ్టు వాళ్లలో నేనొక్కణ్నే మిగిలాను. ఇప్పుడు నిజం చెబితే నన్ను అనేవాళ్లు కూడా ఎవరూ లేరు. వినవలసిన ఒక్క మనిషీ వినకుండానే వెళ్లిపోయింది.