కుక్కతలల దీవికి మావయ్య రాక

నేను చరిత్రలో బీఏ పూర్తిచేసి, లోకం నా వివరణ కోసమే ఆగి ఉందని నమ్మిన రోజులవి. లోకం ఆ సంగతి గమనించిన దాఖలాలు లేవు. సునామీ వచ్చి మూడు వారాలైంది. ఈ దీవిలోని జంగ్లీఘాట్‌లో మా ఇంటి గోడ ఒకటి బీటలిచ్చింది, చేపలరేవు నీళ్లు రోడ్డెక్కి దిగిపోయాయి, మేం క్షేమంగానే ఉన్నాం. శ్రీకాకుళంలోని బంధువుల దృష్టిలో మాత్రం మేం ఎప్పుడో మునిగిపోయాం. ఫోన్‌లో అమ్మ గొంతు విన్నాక కూడా వాళ్లకు పూర్తి నమ్మకం కుదరలేదు.

అందుకని మా పెదమావయ్య ఓడెక్కి వచ్చేశాడు. నాన్నకు ఇక్కడ బడిలో ఉద్యోగం కనుక ఆయన్ని వదిలేసి, అమ్మనీ చెల్లినీ నన్నూ తీసుకుపోవాలని నిర్ణయం. తిరుగు ఓడకు టిక్కెట్లు కూడా తీశాడు. వెళ్తే మళ్లీ రావడం ఉండదని అందరికీ తెలుసు. అమ్మ అన్నగారికి ఎదురు చెప్పలేక, రెండు రోజులు వడ్డిస్తూనే గడిపింది. ఆమె తరఫున మాట్లాడే బాధ్యత నేనే తీసుకున్నాను (ఎవరూ ఇవ్వలేదు).

నా ఆయుధం చరిత్ర. కొన్ని వందల ఏళ్ల కిందటి యాత్రికులు ఈ దీవుల పక్కనుంచి పోతూ, ఒడ్డున కాలు పెట్టకుండానే, ఇక్కడి మనుషులకు కుక్కతలలుంటాయని రాసిపెట్టారనీ, మీ ఊళ్లో ఇప్పుడు చెప్పుకుంటున్నదీ అలాంటిదేననీ మావయ్యకు రెండు గంటలు బోధించాను. ఆయన ఓపిగ్గా విని, ఆ కుక్కతలల వాళ్లు ఇప్పుడు ఏ వైపు ఉంటున్నారని అడిగాడు.

నేను పట్టు వదల్లేదు. అన్నీ పోయినవాళ్లే నిబ్బరంగా ఉన్నారని చూపిద్దామని, మర్నాడు ఆయన్ని నికోబార్ నుంచి వచ్చినవాళ్ల శిబిరానికి తీసుకెళ్లాను. అక్కడ నేను బిస్కెట్లు పంచే స్వచ్ఛంద సేవకుణ్ణి, అంచేత నిపుణుణ్ణి. నికోబారీలు అన్నం ముట్టరనీ, కొబ్బరి, పందిమాంసాలతోనే బతుకుతారనీ, కొత్తవాళ్లతో అసలు మాట్లాడరనీ తడుముకోకుండా చెప్పుకుపోతున్నాను. మాకు రెండడుగుల దూరంలో ఒక పెద్దావిడ స్టీలు కంచంలో అన్నం, పప్పు కలుపుకుంటోంది. ఆవిడ కార్ నికోబార్‌లో నర్సుగా చేసిందట. పక్క క్వార్టర్లో ఏళ్ల తరబడి తెలుగు టీచర్లే ఉండేవారట. ఈ రెండు విషయాలూ నాకు కాస్త ఆలస్యంగా తెలిశాయి.

"బేటా, మా దీవికి ఎన్నిసార్లు వచ్చావు?"

"రాలేదు ఆంటీ. బయటివాళ్లకి పాస్ కావాలి కదా."

"అచ్ఛా. ఓడలోంచి అయినా చూశావా?"

"లేదు."

ఆవిడ అన్నం తినడం మొదలుపెట్టింది. (కుక్కతలల గురించి రాసినవాళ్లు కనీసం ఓడెక్కారు.)

మావయ్య ఆవిడ ఎదురుగా నేలమీద చతికిలబడ్డాడు.

"అంతా పోయింది గదమ్మా. మళ్లీ అక్కడికే ఎల్తావేటి?"

"ఇల్లు పోయింది భయ్యా, తోట పోయింది. మగర్ ఘర్ తో వహీఁ హై నా, మా చోటు అక్కడే కదా. ఇంటికి రేకులిస్తామన్నారు సర్కారువాళ్లు. ఇచ్చిన రోజు మొదటి ఓడలో నేనుంటాను."

మావయ్య ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే అమ్మని పిలిచాడు.

"నీకు రావాలనుందేటే?"

"లేదన్నయ్యా."

అంతే. ఇంట్లో ఇంతమందిమి ఉండి, అమ్మ తరఫున అన్ని గంటలు వాదించిన నాతో సహా, ఆ ప్రశ్న ఎవరమూ అడగలేదు. మూడు టిక్కెట్లు రద్దు చేయించడానికి మాత్రం నేనే వరసలో నిలబడ్డాను. మావయ్య ఒక్కడే ఓడెక్కాడు.

ఇప్పుడూ ఇదే ఊళ్లో, షాదీపూర్‌లో ఉంటూ పిల్లలకు చరిత్ర చెబుతున్నాను. నికోబార్ ఎలా ఉంటుంది సార్ అని వాళ్లడిగితే, నేను వెళ్లలేదమ్మా అంటాను. అంత చిన్న వాక్యం నేర్చుకోవడానికి నాకు డిగ్రీ సరిపోలేదు. అయినా ఆ రోజుల్లోని నా మీద నాకు కోపం లేదు. అంత తక్కువ తెలిసి అంత గట్టిగా మాట్లాడే ఓపిక ఇప్పుడు నాకెక్కడిది?