అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన పాచిరంగు చీర

బెంగళూరులో మా జట్టు మొత్తాన్నీ కంపెనీ ఇంటికి పంపేశాక, నేను హిందూపురం వచ్చి ఒక పట్టుచీరల కుటుంబం దగ్గర పనికి కుదిరాను. వాళ్లకు మూడు అంగళ్లు. ధర్మవరంలోది పెద్దవాడైన అన్నది, పెనుకొండలోది నడిపామె అయిన అక్కది, హిందూపురంలోది చివరివాడైన తమ్ముడిది. ఎవరి వ్యాపారం గొప్పదో తేలక పండగ పూట కూడా వాళ్లింట్లో అన్నాలు చల్లారిపోయేవి. మూడు అంగళ్ల అమ్మకాలనూ ఒకచోట చేర్చి, ఏ చీర బాగా పోతోందో, ఇకమీద ఏది నేయించాలో చెప్పడం నా ఉద్యోగం.

హిందూపురంలో కంప్యూటరు బిల్లు ఉంది కాబట్టి అక్కడ నాకు కష్టం లేదు. ధర్మవరం అన్న చేత్తో రాసిన బిల్లులను ఫోన్లో ఫొటో తీసి పంపేవాడు. సగం ఫొటోల్లో చీర వివరాలకన్నా ఆయన బొటనవేలే బాగా కనిపించేది. అక్క ఆ శ్రమ కూడా పడదు. వాట్సాప్‌లో గొంతు పంపుతుంది.

"రాసుకోప్పా. మెరూన్ ఒకటి పాయె. ఆ మడకశిరామె మళ్లా వచ్చిండె. బీరువాలన్నీ తీపించి, కాఫీ తాగి, ఏమీ కొనకుండా పాయె. అది మాత్రం రాయొద్దు."

రంగుల పేర్ల దగ్గర అసలు తంటా వచ్చింది. కంప్యూటరులో 'ఆలివ్' అని ఉన్నది అన్న రాతలో 'గోరింటాకు పచ్చ', అక్క నోట్లో 'పాచిరంగు'. నారింజ అంచున్న ఆ మూడూ ఒకే చీర అని కనిపెట్టినప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయి రైల్వే స్టేషను బయట రెండో దోసె కూడా తిన్నాను.

లెక్క కలిపి చూస్తే మూడు ఊళ్లలోనూ అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది ఆ పాచిరంగు చీరే. ధర్మవరంలో అన్న ఇంట్లో టీవీకి లాప్‌టాప్ తగిలించి ముగ్గురికీ చూపించాను. అమ్మకాల గ్రాఫులో దాని గీత మిగతావాటి పక్కన తాటిచెట్టులా నిలబడింది.

అక్క ముఖం చిట్లించింది. "దాన్ని ఎవరు కట్టుకుంటాండారప్పా?"

"మన ఇష్టం వేరక్కా, మార్కెట్టు వేరు" అన్నాను. బెంగళూరులో నేర్చుకున్న మాటల్లో నాకు మిగిలింది అదొక్కటే.

అన్న అక్కడికక్కడే నేతగాళ్లకు ఫోన్ చేసి, మగ్గాలన్నిటి మీదా అదే ఎక్కించమన్నాడు.

ఇంత గొప్ప చీరను ఫొటో తీసి ప్రచారం చేద్దామని పెనుకొండ వెళ్లాను. అక్క "ఈడ లేదు, తమ్ముని అంగడికి పంపిస్తి" అంది. హిందూపురంలో తమ్ముడు "అన్న దగ్గరికి పంపినా" అన్నాడు. రైలెక్కి ధర్మవరం పోతే, అడుగు అరలో ఒక కట్ట దొరికింది. ప్రతి చీర కవరు మీదా మూడు అంగళ్ల ధర చీటీలు ఒకదాని మీద ఒకటి అతికించి ఉన్నాయి.

"ఇవి అమ్ముడుపోయినట్టు నువ్వే బిల్లు రాసినావు కదన్నా" అన్నాను.

"రాస్తి. చెల్లెలికి పంపిస్తి, రాస్తి. ఆయమ్మి ఆడ పోవడంలేదని తమ్మునికి పంపించె. వాడు నాకే పంపించె. నేను మళ్లా చెల్లెలికి పంపిస్తి."

"మరి అది అమ్మకం ఎట్లవుతాదన్నా?"

"అంగట్లోనుంచి బయటికి పాయె కదప్పా."

ఒక్క మనిషి కూడా కొనని చీరను నేను మార్కెట్టు మెచ్చిన చీర అని టీవీలో చూపించాను. తమలో తాము పంపుకున్నవన్నీ తీసేసి మళ్లీ లెక్క కడితే ముగ్గురి అమ్మకాలూ కుదించుకుపోయాయి. తమ్ముడికి కోపం వచ్చింది. "నువ్వు రాకముందు యాపారం బాగుండె" అన్నాడు. నేత ఆపమని అన్న ఫోన్ చేసేసరికి చాలా చీరలు మగ్గం దిగిపోయాయి. అవన్నీ హిందూపురం అంగట్లో గుట్టగా పడ్డాయి. నేను బెంగళూరు స్నేహితులకు ఖాళీలున్నాయా అని మెసేజీలు పెట్టడం మొదలుపెట్టాను.

ఆ వారంలోనే చిలమత్తూరు నుంచి ఒక పెళ్లివాళ్లు ఆ అంగడికి వచ్చారు. మగపెళ్లివారి ఆడవాళ్లంతా ఫొటోల కోసం ఒకే రంగు చీర కట్టాలట. ఎన్ని అంగళ్లు తిరిగినా ఒకే రకం అన్ని చీరలు దొరకలేదట. దొరకవు మరి, బుద్ధున్నవాడెవడూ అన్ని నేయించడు. నన్ను తిట్టడానికని ఆ రోజు హిందూపురం వచ్చిన అక్క, లేచి గుట్ట విప్పింది.

"ఈ రంగా?" అని పెళ్లికొడుకు మేనత్త మూతి తిప్పింది.

"నన్ను అడగొద్దమ్మా. బెంగళూరులో చదివినాయప్ప ఈడనే కూచోనుండాడు, అడుగు. మూడూళ్లలో ఎక్కువ పోయేది ఇదే అని టీవీలో చూపించినాడు."

అందరూ నా వైపు తిరిగారు. నేను తల ఊపాను. మొత్తం గుట్ట, ధర్మవరంలోని పాత కట్టతో సహా, వాళ్లే తీసుకుపోయారు.

మరుసటి నెల లెక్కలో ఆ చీర మళ్లీ మొదట నిలబడింది. ఈసారి నిఖార్సైన అమ్మకం. అన్న మాత్రం నమ్మలేదు. ఎందుకైనా మంచిదని చిలమత్తూరుకు ఫోన్ చేసి, చీరలు మీరే కొన్నారా, ఎవరికైనా పంపారా అని అడిగాడు. అలిగి పెళ్లికి రాని ఇద్దరు పిన్నమ్మలు ఇప్పుడు సర్దుకున్నారని, వాళ్లకూ చెరొకటి కావాలని అవతలివాళ్లు అన్నారు. మూడు అంగళ్లూ వెతికినా ఒక్కటి కూడా దొరకలేదు.